ఓటుకు చదువు అర్హతగా పెట్టాలా?

పోయిన రంజాన్‌లో మన సొసైటీ తరఫున స్కాలర్‌షిప్ చెక్కులు పంచిన రోజు సాయంత్రం జరిగిన మాట ఇది. ఇఫ్తార్ అయింది, మగ్రిబ్ నమాజు అయింది, హలీం గిన్నెలు చేతుల్లో పెట్టుకుని నలుగురం ఒక పక్కన కూర్చున్నాం. మన దాతల్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఏటా పది మంది ఆడపిల్లల ఇంటర్ ఫీజు ఆయనే కడతారు. పేరు రాస్తే నొచ్చుకుంటారు కాబట్టి రాయడం లేదు. ఆయన నన్ను పిలిచి అడిగారు: "మాస్టారూ, మీరు ఇన్నేళ్లుగా సోషల్ చెబుతున్నారు కదా. బండి నడపడానికి లైసెన్సు కావాలి. అటెండరు ఉద్యోగానికైనా చదువు అడుగుతారు. దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే ఓటుకు మాత్రం ఏమీ అడగరు. కనీసం టెన్త్ పాసై ఉండాలని పెడితే ఈ నోట్ల పంపకం, ఈ సారా పంపకం సగం తగ్గిపోవా?"

చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది తల ఊపారు. "తీరిగ్గా మాట్లాడుకుందాం హాజీ సాబ్" అని నేను ఆ పూటకు దాటేశాను. నాలుగు ముక్కల్లో తేలే ప్రశ్న కాదది. పైగా చెడు మనసుతో అడిగిన ప్రశ్న అంతకంటే కాదు. చదువు కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టే మనిషికి చదువు మీద అంత నమ్మకం ఉండటం సహజం. సావనీర్‌కు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆ బాకీ ఇక్కడే తీర్చుకుందామనుకున్నాను.

ముందుగా ఒక సంగతి. చదువునో ఆస్తినో చూసి ఓటివ్వడం మన దేశానికి కొత్త ఆలోచన కాదు. ఇంగ్లీషువాళ్లు ముప్పై ఏళ్ల దాకా నడిపిన పద్ధతే అది. 1919 చట్టం కింద ఓటు దక్కింది జనాభాలో సుమారు 3 శాతానికి. 1935 చట్టం దాన్ని పెంచింది. 1937లో ప్రాంతీయ శాసనసభలకు ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లు సుమారు 3 కోట్ల మంది. ఇంత శిస్తు కట్టేవాడు, ఇంత పన్ను కట్టేవాడు, ఇంత అద్దె ఇంట్లో ఉండేవాడు, ఫలానా పరీక్ష పాసైనవాడు, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, ఇలా ఒక్కో ప్రాంతానికి ఒక్కో జాబితా ఉండేది. ఆడవాళ్లకైతే భర్తకున్న ఆస్తి కూడా ఒక అర్హత. పొలం దున్నే కూలీకీ, మగ్గం నేసే మనిషికీ, తోళ్లు శుభ్రం చేసే మనిషికీ ఆ జాబితాలో చోటు దొరకడం కష్టం.

ఈ లెక్క మన సమాజానికి ఎక్కడ తగిలిందో చాలామంది గమనించరు. 1946 మొదట్లో జరిగిన ప్రాంతీయ ఎన్నికలు కూడా ఈ పరిమిత ఓటు మీదే జరిగాయి. ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉన్న కాలమది. ముస్లిం స్థానాల్లో ఎక్కువ భాగం ముస్లిం లీగ్ గెలుచుకుంది. ఆ ఫలితాన్ని చూపించే "ముస్లింలంతా పాకిస్తాన్ కోరుకున్నారు" అని ఈనాటికీ కొందరు మనల్ని ఎత్తిపొడుస్తుంటారు. ముస్లింలంతా ఎక్కడ ఓటేశారు? బీహార్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ చేనేత పనివాళ్లను కూడగట్టిన మోమిన్ కాన్ఫరెన్స్ అనే సంస్థ విభజన కోర్కెను గట్టిగా వ్యతిరేకించింది. ఆ మగ్గాల ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చేతికి ఓటు కాగితమే రాలేదు. అందరికీ ఓటుంటే చరిత్ర మారిపోయేదని నేను చెప్పను. అది ఎవరికీ తెలియదు. కానీ కోట్లాది కుటుంబాల బతుకు తలకిందులయ్యే విషయంలో వాళ్లను అడగనే లేదన్నది నిజం. అడగకపోవడానికి చెప్పిన కారణం ఆస్తి లేదనీ, చదువు లేదనీ.

దీనికి వ్యతిరేకంగా మనవాళ్లు ముందే గొంతెత్తారు. 1928లో మోతీలాల్ నెహ్రూ కమిటీ నివేదిక వయోజనులందరికీ ఓటు ఉండాలంది. అదే ఏడాది అంబేడ్కర్ సైమన్ కమిషన్ ముందు ఇదే వాదించారు. 1932లో లోథియన్ కమిటీ మాత్రం ఇంత మంది నిరక్షరాస్యులతో ఒక్కసారిగా అది సాధ్యం కాదని తేల్చింది. రాజ్యాంగం రాసుకునే వేళకు మన పెద్దలు ఆ సందేహాన్ని పక్కనపెట్టారు. 326వ అధికరణం ప్రకారం పౌరుడై ఉండాలి, వయసు నిండాలి. అప్పట్లో 21 ఏళ్లు, 61వ సవరణతో 1989 నుంచి 18. మతిస్థిమితం లేకపోవడం, నేరం, ఎన్నికల అక్రమాలు, ఆ ప్రాంతంలో నివాసం లేకపోవడం, ఇలాంటి కారణాలతో తప్ప మరో కారణంతో ఎవరినీ జాబితాకు దూరం పెట్టకూడదు. 325వ అధికరణం మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం చూడకూడదంది. చదువు ఊసే ఎత్తలేదు.

ఆనాటికి మన అక్షరాస్యత ఎంతో గుర్తుచేసుకోవాలి. 1951 జనాభా లెక్కల్లో 18 శాతం పైచిలుకు. అంటే వందలో ఎనభై మందికి పైగా పేరు రాసుకోలేరు. మన హాజీ సాబ్ చెప్పిన నిబంధన ఆ రోజు పెట్టి ఉంటే, ఈ వ్యాసం చదువుతున్న మనలో ఎంతమంది తాతలు, నానీలు 1952లో ఓటేసి ఉండేవారో ఎవరికి వారు లెక్కేసుకోవచ్చు. మా ఇంట్లో ఒక్కరూ ఉండేవారు కాదు.

రాజ్యాంగసభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ 1949 నవంబర్ 26న చేసిన ప్రసంగంలో ఈ విషయం మీద చక్కటి మాటలున్నాయి. తాను పల్లెటూరి మనిషినని చెప్పుకుంటూ, మన పల్లె జనానికి చదువు రాకపోవచ్చు గానీ లోకజ్ఞానానికి కొదవలేదనీ, విషయం విడమరిచి చెబితే తమ మేలూ దేశం మేలూ తూచుకోగలరనీ ఆయన నమ్మకం. అదే ప్రసంగంలో ఆయన ఒక విచారం కూడా వెలిబుచ్చారు. చట్టాన్ని అమలుచేసేవారికి అర్హతలు అడుగుతూ, చట్టాలు చేసే సభ్యులకు మాత్రం ఏ అర్హతా పెట్టలేకపోయామని. ఓటేసేవాడి విషయంలో లేని బెంగ ఓటు అడిగేవాడి విషయంలో ఆయనకుంది. మనం మాత్రం ఎప్పుడూ దీన్ని తిరగేసి మాట్లాడుకుంటాం.

ఆ మొదటి ఎన్నికలు నడిపిన తీరు పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకే ముచ్చటేస్తుంది. ఓటర్లు 17 కోట్ల 30 లక్షల పైమాట. చదవలేనివాళ్లు ఎలా ఓటేయాలి? ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ చదువు రావాలని షరతు పెట్టలేదు, చదువు అవసరం లేని పద్ధతి తయారుచేశారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద కాడెద్దులో, గుడిసెో, కంకి కొడవలో, అలా ఒక గుర్తు. ఓటరు తనకిచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి వస్తే చాలు. నల్గొండ లాంటి చోట, అప్పటికి అయిదారేళ్లుగా పోరాటాలతో అట్టుడికిన జిల్లాలో, జనం రావి నారాయణరెడ్డిని గెలిపించిన ఓట్ల సంఖ్య నెహ్రూకు వచ్చిన ఓట్లను మించిపోయింది. ఆ ఓటర్లలో ఎంతమందికి అక్షరాలు వచ్చుంటాయి? కానీ తమ భూమి సంగతి ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లకు బాగా తెలుసు.

ఒక్క చోట మాత్రం ఆ ఎన్నికల్లో పెద్ద వెలితి పడింది. జాబితా రాసుకోవడానికి ఇళ్లకు వెళితే, ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యననో, ఫలానా వారి కూతురిననో రాయించుకున్నారు. అలా పేరు లేకుండా చేరిన సుమారు 28 లక్షల మంది స్త్రీలను చివరికి జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఓటుకు అడ్డం వచ్చింది చదువు లేకపోవడం కాదు, కాగితం మీద పేరు లేకపోవడం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరే, చదువు పరీక్ష నిజంగా పెట్టిన దేశాల్లో ఏమైంది? అమెరికా కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. అక్కడ బానిసత్వం పోయాక నల్లజాతి మగవాళ్లకు రాజ్యాంగం ప్రకారం ఓటు వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల తెల్ల నాయకులకు అది మింగుడుపడలేదు. రంగు చూసి ఓటు తీసేస్తామంటే కోర్టు ఒప్పుకోదు. అందుకని చదువు అన్నారు. 1890లో మిసిసిపీ రాష్ట్రం ఒక నిబంధన పెట్టుకుంది: ఓటరు రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. ఏ భాగం అడగాలో, జవాబు సరిగ్గా ఉందో లేదో తేల్చేది అక్కడి నమోదు అధికారి. తెల్లవాడు వస్తే ఒక వరుస. నల్లవాడు వస్తే లాయర్లు తలలు పట్టుకునే సెక్షన్. మరి చదువురాని తెల్లవాళ్ల గతేమిటి? దానికీ ఉపాయం ఉంది. 1898లో లూసియానా రాష్ట్రం, 1867 జనవరి 1 నాటికి ఓటున్నవాడికీ, అతని కొడుకులకూ మనవలకూ ఈ పరీక్షలు వర్తించవంది. ఆ తేదీకి అక్కడ నల్లవాళ్లకు ఓటు లేదు! లూసియానాలో 1896లో జాబితాలో ఉన్న నల్లజాతి ఓటర్లు 1,30,334 మంది. 1900 నాటికి మిగిలింది 5,320.

ఫానీ లూ హేమర్ అనే పత్తి కూలీ 1962 ఆగస్టులో మిసిసిపీలోని ఇండియనోలా పట్టణానికి ఓటరుగా చేరడానికి వెళ్లింది. ఆమెను అడిగిన ప్రశ్న రాష్ట్ర రాజ్యాంగంలో, చట్టంలో లేకపోయినా వాడుకలో చెల్లుబాటయ్యే నియమాల గురించిన సెక్షన్. ఆమె చెప్పలేకపోయింది. ఇంటికొచ్చేసరికి భూస్వామి పిలిచి, దరఖాస్తు వెనక్కి తీసుకోకపోతే వెళ్లిపొమ్మన్నాడు. పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోటు నుంచి ఆమె ఆ రాత్రే బయటికి నడిచింది. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి ఆ పరీక్షలను ఆపింది. అంతకు ముందు మిసిసిపీలో నల్లజాతివారిలో నమోదైన ఓటర్లు 7 శాతం లోపు. రెండేళ్లకే దాదాపు 60 శాతమయ్యారు. రెండేళ్లలో వాళ్లందరికీ చదువు వచ్చేసిందా? ఆ పరీక్ష ఎన్నడూ చదువును కొలవలేదన్నమాట.

నేను ముప్పయ్యేళ్లుగా పరీక్ష పేపర్లు తయారుచేస్తున్న మనిషిని. ఒక రహస్యం చెప్పనా? ఎవరిని పాస్ చేయాలో ముందే అనుకుంటే, దానికి తగిన ప్రశ్నపత్రం తయారుచేయడం అయిదు నిమిషాల పని.

బ్రెజిల్ 1985 దాకా చదువురానివాళ్లకు ఓటివ్వలేదు. నష్టపోయింది పేదలు, వాళ్లలో ముఖ్యంగా నల్లజాతివారు. ఇంగ్లండ్‌లో జాన్ స్టువర్ట్ మిల్ వంటి మేధావి కూడా 1861లో, చదువుకున్నవారికి ఎక్కువ ఓట్లివ్వాలన్నాడు. విశ్వవిద్యాలయాల పట్టభద్రులకు అక్కడ పార్లమెంటులో వేరే స్థానాలుండేవి. 1948 చట్టంతో వాటినీ ఎత్తేశారు.

మన దేశంలోనూ ఈ ఆలోచన ఒక దొడ్డిదారిన వచ్చింది. ఓటేసేవారికి కాదు, పంచాయతీకి పోటీ చేసేవారికి. 2015లో హర్యానా చట్టం మగవాళ్లకు టెన్త్, మహిళలకూ ఎస్సీ పురుషులకూ ఎనిమిదో తరగతి, వార్డు సభ్యురాలిగా నిలబడే ఎస్సీ మహిళకు అయిదో తరగతి పాసై ఉండాలంది. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బకాయి ఉండకూడదంది. రాజబాల అనే ఆమె మరి కొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది డిసెంబర్ 10న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని సమర్థించింది. తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ చలమేశ్వర్. ఆయన మీద నాకు చాలా గౌరవం. కానీ మంచిచెడులను, తప్పొప్పులను వేరుచేసి చూసే శక్తి మనిషికి చదువు వల్లనే వస్తుందన్న ఆ తీర్పులోని తర్కం మాత్రం నాకు ఎక్కలేదు. ఆ మాట నిజమైతే జైళ్లలో డిగ్రీలున్నవాళ్లు ఉండకూడదు కదా.

ఆ హర్యానాలోనే మేవాత్ జిల్లా ఉంది. ఇప్పుడు నూహ్ అంటున్నారు. అక్కడ ఎక్కువమంది మేవ్ ముస్లింలు. 2011 లెక్కల్లో ఆ జిల్లా ఆడవాళ్ల అక్షరాస్యత 36.6 శాతం. అక్షరాస్యతే అంత ఉన్నచోట ఎనిమిది పాసైన నడివయసు స్త్రీ ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ఊరికో బడి పెట్టాల్సింది సర్కారు. పెట్టలేదు. పెట్టని బడిలో చదవలేదని ఆడమనిషిని సర్పంచ్ పదవికి పనికిరావందీ అదే సర్కారు. రాజస్థాన్ కూడా 2014 చివర్లో ఇలాంటి నిబంధన తెచ్చింది, 2019లో వెనక్కి తీసుకుంది. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యత 64.8 శాతం ఉంటే ముస్లింలది 59.1 శాతం. చదువు కొలబద్ద పెడితే ముందు ఎవరి తల తెగుతుందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

ఇక చదువుకున్న ఓటరు గొప్పతనం చూద్దాం. మన రాజ్యాంగంలో చదువు అర్హత ఉన్న ఓటు ఒకటి నిజంగానే ఉంది. శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను డిగ్రీ పొంది మూడేళ్లయినవారు, మరో పన్నెండో వంతును మాలాంటి టీచర్లు ఎన్నుకోవాలని 171వ అధికరణం చెబుతోంది. అక్కడ గుర్తులుండవు. అభ్యర్థి పేరు చదువుకుని ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. ఇంతే పరీక్ష. 2021 మార్చిలో తెలంగాణలో రెండు పట్టభద్రుల స్థానాలకు ఎన్నికలు జరిగితే, ఒక్కో స్థానంలో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అందరూ డిగ్రీలున్నవారే! కొందరు టిక్కు పెట్టారు, కొందరు సంతకం పెట్టారు, కొందరు ఒకటి అని అక్షరాల్లో రాశారని వినడం. మా టీచర్ల ఎన్నికల్లోనూ చెల్లని ఓట్లు పడతాయి, ఆ సంగతి ఇక్కడ ఎక్కువ రాస్తే మా యూనియన్‌వాళ్లు ఊరుకోరు.

పోలింగ్ శాతం చూసినా అంతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. పక్కనే పల్లెలు ఎక్కువున్న భువనగిరిలో 75 శాతం దాటింది. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎక్కడ ఎక్కువున్నాయో మీకు తెలుసు.

హాజీ సాబ్ మాటలో నిజం లేదని నేను అనను. ఓటుకు నోటు తీసుకునేవాళ్లున్నారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పల్లెలో కూలీకి ఇచ్చేది కవరులో నోటు. కాలనీలో అపార్ట్‌మెంటువాళ్లకు ఇచ్చేది బోరు, జనరేటరు, సీసీ రోడ్డు. మొదటిది లంచం, రెండోది అభివృద్ధి అనుకుంటాం. తీసుకునేవాడి చదువును బట్టి ఇచ్చేదాని పేరు మారింది, అంతే. అసలు డబ్బు పెట్టి కొనేవాడు ఎవరు? అతనికి డిగ్రీ ఉంది, లాయరు ఉన్నాడు, ఆడిటర్ ఉన్నాడు. చదువురాని ఓటరు తప్పు తెలుసుకోలేకపోతే ఆ లోటు తీర్చాల్సిన బాధ్యత చెప్పగలిగిన మనది. ఓటు తీసేస్తే అతని వీధికి వచ్చి చెప్పే అవసరం కూడా ఏ నాయకుడికీ ఉండదు. ఇప్పుడు అయిదేళ్లకొకసారైనా వస్తున్నాడు. ఓటు లేనివాడి వీధిలో బడి ఎవరు కడతారు?

దీన్ వైపు నుంచి ఒక మాట. నేను ఆలింను కాను, పెద్దల దగ్గర విన్నదే చెబుతున్నాను. ఓటును షహాదత్‌తో, అంటే సాక్ష్యంతో పోల్చినవారు మన ఉలమాల్లో ఉన్నారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ ఓటును సాక్ష్యంగా, సిఫారసుగా, వకాలత్‌గా వివరించారు. ఇప్పుడు మన నికాహ్ మజ్లిస్ గుర్తుతెచ్చుకోండి. సాక్షుల్ని పిలిచేటప్పుడు ఖాజీ సాబ్ ఏం చూస్తారు? ఆఖిల్, బాలిగ్. బుద్ధి నిలకడగా ఉందా, వయసు వచ్చిందా అని. టెన్త్ మార్కుల లిస్టు ఎవరూ అడగరు. వేలిముద్ర వేసిన సాక్షి ఉన్న నికాహ్ తక్కువ నికాహ్ కాదు. 326వ అధికరణం చదివినప్పుడల్లా నాకు ఆ రెండు మాటలే వినిపిస్తాయి. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఉమ్మీ అని మనందరికీ తెలుసు. బద్ర్ ఖైదీల్లో చదువు వచ్చినవారు, విడుదల కోసం మదీనా పిల్లలు పదేసి మందికి చదువు నేర్పాలన్నదీ ఆయన హయాంలోనే. చదువుకు అంత విలువ ఇచ్చారు, చదువు రానివారి బైఅత్‌నూ స్వీకరించారు. ఈ రెండింటికీ ఆయనకు పేచీ కనపడలేదు.

ఇక నన్ను నిజంగా కలవరపెడుతున్న సంగతి. రేపు ఎవరూ చట్టం మార్చి ఓటుకు టెన్త్ అడగరు. రాజ్యాంగం ఒప్పుకోదు. కానీ కాగితాలు అడిగితే? 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితాను ప్రత్యేకంగా సవరించారు. పాత జాబితా ఆధారం చూపలేనివాళ్లు ఇవ్వదగ్గ పత్రాలని మొదట 11 చెప్పారు. జనన ధ్రువీకరణ, పాస్‌పోర్టు, మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ వగైరా. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, వలస వెళ్లినవారు, రెండు చోట్ల ఉన్నవారు అని కారణాలు. వాటిలో న్యాయమైనవి చాలా ఉంటాయి. చచ్చిపోయినవాళ్ల పేర్లు తీయాల్సిందే. తీసేసినవారి జాబితాను కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, తర్వాత ఆధార్‌ను పన్నెండో పత్రంగా చేర్చమంది. రాజకీయం ఎవరిదైనా కానివ్వండి, నేను చూసేది ఒకటే. ఆ పదకొండింటిలో బడికి వెళ్లని, విదేశం వెళ్లని, సొంత భూమి లేని ఒక నలభై అయిదేళ్ల ఆడమనిషి దగ్గర ఏముంటుంది? చదువు అర్హత కాదంటూనే చదువు కాగితం ఉన్నవాడి పని సులువైంది.

ఆ కాగితాలెంత గట్టివో కూడా చెప్పాలి. మా తరం పిల్లల పుట్టినరోజులు చూడండి, ఎక్కువ జూన్‌లోనో జూలై 1నో ఉంటాయి. బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసిన లెక్క అది. నా పుట్టినరోజూ అంతే. నేనూ అలా ఎందరికో వేశాను. ఇంటిపేరు సంగతి ఇంకా ఘోరం. షేక్ అన్న రెండక్షరాలను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం. తండ్రి కార్డులో ఒకటి, కొడుకు సర్టిఫికెట్‌లో ఇంకొకటి. ఆడవాళ్ల పేరు చివర ఒక చోట బీ, ఒక చోట బేగం, ఒక చోట ఉన్నిసా.

1999 ఎన్నికల్లో పల్నాడులో ఒక ఊళ్లో నాకు పోలింగ్ ఆఫీసరు డ్యూటీ పడింది. మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. చెప్పిన పేరు ఒకటి, జాబితాలో అచ్చయింది ఒకటి. చివర బీ బదులు వలి అని పడింది. ఏజెంటు ఒకతను రెండు రూపాయలు కట్టి చాలెంజ్ ఓటు అన్నాడు. అది అతని హక్కే. ప్రిసైడింగ్ ఆఫీసరు ఒక లెక్చరర్, నిదానస్తుడు. విచారించాడు. ఆవిడ ఒకటే మాట: "మీ కాయితంలో నా పేరెట్టా ఉందో నాకేం ఎరుక నాయనా. నా మొకం ఊళ్లో అందరికీ ఎరికే." తలారిని పిలిచి అడిగితే ఆవిడే అన్నాడు. అచ్చు తప్పులను, రాత తప్పులను పట్టించుకోకుండా మనిషి ఎవరో తేలితే ఓటెయ్యనివ్వాలని ఎన్నికల నియమాల్లోనే ఉంది. ఆ లెక్చరర్ ఆ పేజీ తీసి ఏజెంటుకు చూపించాడు. ముసలమ్మ వేలికి సిరా నేనే పెట్టాను. ఆ అధికారికి ఆ నియమం తెలియకపోయి ఉంటే, లేదా ఓపిక లేకపోయి ఉంటే, ఆవిడ తిరిగి వెళ్లిపోయేది.

అందుకే ఈ ఏడు మన సొసైటీ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. స్కాలర్‌షిప్‌లు ఎప్పటిలాగే సాగాలి. దానితోపాటు జుమా రోజుల్లో నమాజు తర్వాత మసీదు పక్క గదిలో రెండు కుర్చీలు, ఒక జిరాక్స్ మిషను, డిగ్రీ చదువుతున్న మన స్కాలర్‌షిప్ పిల్లలు ఇద్దరు. ఓటర్ల జాబితా ప్రతి దగ్గర పెట్టుకుని వచ్చినవారి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు సరిచూడాలి. కొత్తగా చేరేవారికి ఫారం 6, తప్పులు దిద్దడానికీ ఇల్లు మారినవారికీ ఫారం 8. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలకు 18 నిండినా చేరవచ్చు. ఆడవాళ్లకు వేరే రోజు, ఆడపిల్లలే కూర్చోవాలి, లేకపోతే వాళ్లు రారు. పుట్టిన పిల్లల జనన ధ్రువీకరణ తీసుకున్నారో లేదో కూడా అప్పుడే అడగాలి. ఎవరికి ఓటెయ్యాలన్న మాట ఆ గదిలో రాకూడదు. వచ్చిన రోజున గది మూసేయాలి.

ఇది రాసే ముందు హాజీ సాబ్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను. అన్నిటికీ ఒప్పుకోలేదు. పోటీ చేసేవాడికైనా చదువు ఉండాలని ఇప్పటికీ అంటారు, ఆ వాదన ఇంకో ఇఫ్తార్‌కు మిగిలింది. ఈలోగా తన పేరు జాబితాలో చూడమన్నారు. మూడేళ్ల క్రితం కొత్త ఫ్లాట్‌కు మారారు కదా, అక్కడ లేదు. పాత వార్డులోనే ఉండిపోయింది. ఫారం 8 నింపి పంపాను. జిరాక్స్ మిషను ఎంతవుతుందో కనుక్కోమన్నారు.